ఎదుటివాళ్ల మాట వినిరమ్మన్న దేవసహాయం అన్న

దేవసహాయం అన్న ఇక లేరన్న పిడుగులాంటి వార్త పోయిన మంగళవారం ఉదయం, కళాశాలలో మొదటి పీరియడ్ ముగించుకుని వస్తుండగా తెలిసింది. ఫోన్ చేసింది బిట్రగుంట నుంచి రమణయ్య, ఒకప్పుడు పార్టీ విద్యార్థి విభాగంలో నాతోపాటు జెండా మోసినవాడు. "షాహిదా, అన్న పోయినాడు. మైకు సెట్టు సర్దతా సర్దతా కూలబడిపోయినాడు" అన్నాడు. నేను నమ్మలేదు. ముందు రోజు సాయంత్రమే అన్న నాతో మాట్లాడారు. "మీ కాలేజీ పిల్లకాయలు ఎలక్షన్లంటే ఎందుకు నవ్వతుండారో అడిగి చెప్పమ్మాయ్" అన్నారు. నేనింకా ఎవరినీ అడగనే లేదు. ఇంతలోనే ఆ గొంతు ఆగిపోయిందంటే మనసు ఎలా ఒప్పుకుంటుంది?

ఆయనను ఎరుగనివారికి రెండు ముక్కలు చెప్పాలి. బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక రైల్వే కార్మికుడి ఇంట పుట్టారు. మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణం నడిపారు. కావలి ప్రాంతంలో మా పార్టీ యువజన, విద్యార్థి విభాగాలకు చాలా ఏళ్లు సారథ్యం వహించారు. యువజన విభాగం అన్నమాటేగాని నేను చేరేనాటికే ఆయన చెవుల పక్కన జుట్టు నెరిసింది. మన రాజకీయాల్లో యవ్వనం అంత తొందరగా వదిలిపెట్టదు కదా! ఆ మాట ఎవరైనా అంటే ముందుగా నవ్వేది ఆయనే.

ఆ మనిషి జిజ్ఞాస అపారం. ఏదైనా తెలియకపోతే పక్కవాడిని అడగడానికి ఆయనకు రవ్వంత మొహమాటం ఉండేది కాదు. ఎదుటి పార్టీవాళ్లు గోడమీద గుర్తు వేస్తుంటే సైకిలు ఆపి, గీతలు లేకుండా అంత గుండ్రంగా ఎలా వస్తుందని పెయింటర్‌ను అడిగేవారు. ఆ పెయింటర్ బ్రష్షు ఆయన చేతికిచ్చి వేసి చూడమన్నాడట. వేశారు కూడా. మా పార్టీవాడు ఎదుటి పార్టీ గుర్తు గీశాడని ఊరంతా గోల. మావాళ్లు నిలదీస్తే, "వాడు నాకు పని నేర్పించినాడబ్బా, ఓటెయ్యమని అడగలా" అన్నారు.

మైకు విషయంలోనూ అంతే. ఏ పార్టీ సభకైనా ఇచ్చేవారు. ఒకసారి ఎదుటి పార్టీ యువజన సభలో మైకు మొరాయిస్తే తానే వెళ్లి బాగుచేసి, అక్కడే స్టేజీ పక్కన కూర్చుని ఉపన్యాసాలన్నీ విన్నారు. చివర్లో లేచి ఒక సందేహం అడిగారు. వాళ్లు తెల్లబోయి, తర్వాత కుర్చీ వేసి జవాబు చెప్పారు. వచ్చాక మాతో, "వాళ్ల మాటలో పసుండాదిరా. మనమే సరిగ్గా చదువుకోలా" అన్నారు. మాకు ఒళ్లు మండింది. మన నాయకుడు అవతలివాళ్లను మెచ్చుకోవడమేమిటి?

ఆయన నడిపిన విభాగంలో ఒక వింత ఆచారం ఉండేది. ఆదివారం చర్చి నుంచి నేరుగా దుకాణానికి వచ్చేవారు. మేమంతా స్పీకర్ పెట్టెల మీద కూర్చునేవాళ్లం. ఎవరైనా ఫలానావారి మీద ఆందోళన చేద్దామంటే, ముందు ఆ ఫలానావారి తరఫున వాదించాలి. వాదించలేకపోతే వెళ్లి వాళ్లనే కలిసి, వాళ్ల మాట విని రావాలి. ఆ తర్వాతే నినాదాలు. ఇలాంటి పద్ధతి ఏ పార్టీ విద్యార్థి విభాగంలోనైనా ఉందేమోనని నేను తర్వాత చాలామందిని వాకబు చేశాను. ఎక్కడా లేదు.

నేను ఆ దుకాణం మెట్లెక్కింది సిద్ధాంతం కోసం కాదు, బస్సు కోసం. మాది బోగోలు మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. కావలిలో డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా సాయంత్రం మా ఊరికి వచ్చే బస్సును ఆపేశారు. మా అబ్బా మోపెడ్ మీద గుడ్డలు వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మేవారు. నాకోసం రోజూ కావలి వస్తే ఆయన వ్యాపారం సాగదు. "బస్సు లేకుంటే చదువు ఆపేద్దాం బేటీ, చీకటి పడినాక ఆటోల్లో వద్దు" అన్నారు. అప్పటికే మా ఊరి ఆడపిల్లలు ఇద్దరు మానేశారు. ఇక మూడోదాన్ని నేనే.

ఉడికిపోతూ వెళ్లి డిపో మేనేజర్ దిష్టిబొమ్మ తగలబెట్టాలన్నాను. అన్న తల పక్కకు వంచి నన్ను చూశారు.

"సరే అమ్మాయ్. ఇప్పుడు నువ్వే డిపో మేనేజరువి. బస్సు ఎందుకు ఆపినావో చెప్పు."

"నాకేం తెలుసన్నా?"

"తెలీకుండానే తగలబెడతావా? పా, పోయి అడిగొద్దాం."

మేం తగలబెట్టాలనుకున్న మనిషి మాకు టీ ఇప్పించాడు. పోయేటప్పుడు పిల్లలతో బస్సు నిండుతుందనీ, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుందనీ, పైవాళ్లకు జవాబు చెప్పుకోలేక ఆపాననీ అన్నాడు. అన్న మమ్మల్ని మా ఊళ్లకు పంపారు, సాయంత్రం పూట కావలి వైపు ఎవరు వస్తున్నారో కనుక్కోమని. రొయ్యల గుంటల్లో పనిచేసే ఆడవాళ్లు పొద్దుగూకే వేళ ఆటోల్లో వేలాడుతూ కావలి వైపు ఇళ్లకు వెళ్తున్నారు. రోజూ కళ్లముందు కనబడేదే, నాకు ఎన్నడూ పట్టలేదు. ఆ సంగతి చెప్పగానే మేనేజర్ ముఖం విప్పారింది. ఒక సాయంత్రం బస్సు నడిపి చూస్తాననీ, జనం ఎక్కితే ఉంచేస్తాననీ మాట ఇచ్చాడు. ఏ రోజన్నది చెప్పలేదు.

ఈలోగా ఎన్నికలు దగ్గరపడ్డాయి. మా నియోజకవర్గ ఇన్‌ఛార్జికి హఠాత్తుగా ఆడపిల్లల చదువు గుర్తొచ్చింది. రాస్తారోకో చేయాల్సిందేనన్నాడు. "డిపో ఆయన మాటిచ్చినాడు, కొంచెం ఆగుదాం" అని అన్న చెప్పి చూశారు. కుర్రకారు వినలేదు. అందరం కావలి శివార్లలో, మా ఊళ్లవైపు రోడ్డు చీలే చోట బైఠాయించాం. బస్సు ఎక్కాల్సిన ఆడపిల్లలమంతా అక్కడే, రోడ్డు మధ్యలో. మైకు అన్నదే. బస్సు కావాలని గొంతులు చించుకుంటున్నాం. వెనక ఆగిపోయిన బండ్ల మధ్యనుంచి ఒక డ్రైవర్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నడిచి వచ్చాడు.

"ఏం బస్సు కావాలమ్మా మీకు?"

మా ఊరి పేరు చెప్పాను.

"ఆ బస్సే గదమ్మా నేను తెచ్చింది! దావ ఇడిస్తే గదా పోయేది!"

నినాదం నోట్లోనే ఆగిపోయింది. రమణయ్య నవ్వాపుకోలేక జెండా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అన్న వెంటనే మైకు కట్టేసి, "లేయండి, లేయండి, బస్సెక్కండి" అన్నారు. ఇన్‌ఛార్జి ఆయన చేయి పట్టుకున్నాడు. "పేపరోళ్లు దావలో ఉండారు. ఇప్పుడు లేస్తే నవ్వులపాలవతాం. ఫోటో తీసినాక పోవచ్చు" అన్నాడు. సగం మంది లేచారు, సగం మంది కూర్చున్నారు, ఆ గందరగోళంలో పోలీసులు వచ్చారు. డ్రైవర్ చూసి చూసి బండిని వెనక్కి తిప్పుకుని డిపోకు పోయాడు. మర్నాడు తెలిసింది, ఒక్క టికెట్టూ తెగలేదు గనుక ప్రయాణికులు లేరన్న కారణంతో ఆ బస్సును పూర్తిగా రద్దు చేశారని.

బస్సు కోసం కూర్చుని బస్సునే ఆపేసిన ఘనత మాదే. నాకు ఏడుపొచ్చింది. నా చదువుకు మేమే మంగళం పాడుకున్నాం.

ఇన్‌ఛార్జి మాత్రం బేఫికర్. బస్సు వచ్చిందన్నది కట్టుకథ అని పేపర్లకు చెప్పమన్నాడు. అన్నకు ఆ వారంలోనే యువజన విభాగం జిల్లా అధ్యక్ష పదవి ప్రకటించాల్సి ఉంది, సిఫారసు చేయాల్సింది ఆ ఇన్‌ఛార్జే. ఈ సంగతి మా అందరికీ తెలుసు. అన్న ఆ మర్నాడు మమ్మల్ని వెంటబెట్టుకుని డిపోకు వెళ్లారు. సిబ్బంది ఉన్నారు, విలేఖరులు ఇద్దరు ఉన్నారు. అందరి ఎదుటా అన్నారు:

"సార్, మీ బస్సు ఖాళీగా వచ్చింది జనం లేక కాదు. ఎక్కాల్సినోళ్లను మేమే రోడ్డు మీద కూర్చోబెట్టినాం. తప్పు మాది. ఇంకొక్క దినం తిప్పి చూడండి."

 ఆందోళన చేసినవాడు వచ్చి తప్పు మాదనడం మేనేజర్ సర్వీసులో అదే మొదలేమో. మళ్లీ బస్సు నడిపాడు. మేమంతా ఎక్కాం. తిరిగి వచ్చేటప్పుడు రొయ్యల గుంటల ఆడవాళ్లతో అది కిటకిటలాడింది. ఆ బస్సు ఆగలేదు. నేను డిగ్రీ చదివాను, పీజీ చదివాను, ఈనాడు పాఠాలు చెప్పుకుంటున్నాను. జిల్లా అధ్యక్ష పదవి నెల్లూరులో ఇంకెవరికో వెళ్లింది. అన్నకు మళ్లీ ఏ పదవీ రాలేదు.

మొన్న ఆదివారం బిట్రగుంటలో చర్చి పక్క హాల్లో సంస్మరణ సభ జరిగింది. వక్తలందరూ ఒకే మాట చెప్పారు: పదవీవ్యామోహం లేని నిష్కాముడు, కీర్తికాంక్ష ఎరుగని రుషితుల్యుడు. నేనూ అదే చెప్పాను. ఇన్నేళ్లుగా నేను నమ్మిందీ అదే. దిగి వచ్చి అన్న భార్య సువార్తక్క పక్కన కూర్చుంటే, ఆమె నా చెవి దగ్గరగా వంగింది.

"అందురూ ఆశ లేదు, ఆశ లేదు అంటుండారే, ఆ పదవంటే మీ అన్నకు ప్రాణం షాహిదా. ప్రమాణం నాడు వేసుకుందామని తెల్లచొక్కా కుట్టించుకున్నాడు. అద్దం ముందర నిలబడి ఏం మాట్లాడాలో చెప్పుకునేవాడు."

 "మరి డిపోకు ఎట్ల పోయినాడక్కా?" అని అడిగాను.

"పోయేముందర నన్నడిగినాడు. 'సువార్తా, ఈ మాట చెప్తే పదవి పోతాది, ఏం జేద్దాం' అన్నాడు. నేను వద్దంటే వద్దన్నా. నాకు మాత్రం ఆశుండదా? నేను చెప్పిందంతా కూర్చోని విన్నాడు. విని, చెప్పులేసుకోని పోయినాడు. వచ్చినాక రెండు దినాలు అన్నం తినలా."

ఆశ లేని మనిషి వదులుకున్నాడనుకుని ఇన్నాళ్లూ తేలిగ్గా ఉన్నాను. ఆయనకు అక్కర్లేనిదే పోయింది, నాకు కావలసింది దక్కింది అనుకున్నాను. ఆ హాల్లో కూర్చున్న మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశాను. పదవుల్లో ఉన్నవాళ్లం, పదవుల కోసం చూస్తున్నవాళ్లం. అంత కోరుకున్నది చేతికి అందే వేళ, ఊళ్లోని ఆడపిల్లల కోసం నలుగురిలో నిలబడి తప్పు మాదనగలిగే మనిషి నాకు ఒక్కరూ కనిపించలేదు. నా ముఖం నేను చూసుకోలేను గనుక నా సంగతి తెలియదు.

అన్నా, నేను చదువుకోవడానికి నువ్వు ఏం పోగొట్టుకున్నావో నువ్వు పోయాక తెలిసింది. నాకు దుఃఖం ఆగడం లేదు. నీకు నా సలాం.