అమ్మమ్మ తుడిచిన బ్యాటరీ

చందమామను కిందికి దించి చేతికిస్తే సాయంత్రానికల్లా మచ్చ పోగొట్టి పంపగల మనిషి మా అమ్మమ్మ. చందమామ దొరక్కపోవడంతో ఒక ఆఫీసు భవనంలో తలుపుల ఇత్తడి పిడులు, మెట్ల కడ్డీలు తోముతుంది. మా అమ్మ పుట్టకముందు నుంచీ అదే పని. పిడి మీద ఎవరి వేలిముద్రయినా కనబడిందా, తన ముఖానికే మసి పూసినట్టు గింజుకుంటుంది.

నేను ఏడో తరగతి రెండోసారి చదువుతున్నప్పుడు సైన్సు టీచరమ్మ తేల్చి చెప్పేసింది. "పనిచేసే ప్రాజెక్టు చేసుకురా, పై తరగతికి పంపిస్తా. లేదంటే ఇంక బడికి రానక్కర్లేదు."

అమ్మమ్మ దగ్గర డబ్బా నిండా చెల్లని రాగి నాణేలున్నాయి. ఏ కొట్టులోనూ తీసుకోరు, అయినా ఆదివారం వస్తే వాటినీ తోముతుంది. అవే తీశాం. ఒక నాణెం, మీద వెనిగర్‌లో తడిపిన అట్టముక్క, ఆపైన అల్యూమినియం రేకు, మళ్ళీ నాణెం. అలా పేర్చి రెండు చివర్లా తీగలు ఆనిస్తే చిన్న ఎర్ర లైటు మిణుక్కుమంది.

"చెల్లని డబ్బులకి ఎంత పొగరే!" అంది అమ్మమ్మ.

నేను నిశ్చింతగా పడుకున్నా. పొద్దున్న లేచేసరికి బ్యాటరీ ధగధగలాడిపోతోంది.

"ఏం చేశావు అమ్మమ్మా?"

"నాణేలకి చిలుం పట్టిందే. అట్టలు ఒకటే పుల్లకంపు. అన్నీ విప్పి తుడిచి, అట్టలు పొయ్యి పక్కన ఆరబెట్టి, నువ్వు పెట్టినట్టే పేర్చా. నలుగురూ చూసే వస్తువు, మురికిగా పంపిస్తానా?"

నేనూ మురిసిపోయి పట్టుకెళ్ళా. లైటు వెలగలేదు. టీచరమ్మ అట్టముక్కని వేలితో తాకి చూసింది.

"ఎండిపోయిందిగా. తడి ఎందుకుండాలో చెప్పు, అదే చాలు."

నాకేం తెలుసు? "మా అమ్మమ్మ తుడిచిందండీ" అన్నా. క్లాసంతా ఘొల్లుమంది. టీచరమ్మా నవ్వింది. నవ్వుతూనే హాజరుపట్టీలో నా పేరు కొట్టేసింది.

ఇప్పుడు కింది అంతస్తు పిడులు అమ్మమ్మవి, పైవన్నీ నావి. ఆవిడ మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. నేను తోమి ఇటు తిరిగేలోగా ఎవరో ఒకరు ఆ పిడే పట్టుకుని తలుపు తీస్తారు. మళ్ళీ మరక. రేపూ ఇంతే, ఎల్లుండీ ఇంతే.

ఇదంతా రాసి అమ్మమ్మకి చదివి వినిపించా. "ఆ రోజు నువ్వు తుడవకపోయుంటే నేనీపాటికి ఏదో ఒకటి అయ్యేదాన్ని కదా!" అన్నా.

అమ్మమ్మ పిడి మీద గుడ్డ తిప్పుతూనే ఉంది. "తడి ఎందుకో ఇప్పటికైనా కనుక్కున్నావా?"

"లేదు."

"మరైతే నోరు మూసుకుని తోము."