అత్తకో తలుపు, అల్లుడికో తలుపు

ఆ శుక్రవారం పొద్దున్నే హరిబాబు తడిగుడ్డ పట్టుకుని తన కారు తలుపుల కింద ఉన్న పసుపంతా తుడిచేశాడు. రాసింది అతని భార్య సూర్యకళ. ఇంటి గడపకి రాయగా గిన్నెలో కాస్త మిగిలింది, పారబొయ్యడం ఎందుకని కారు నాలుగు తలుపుల కింద ఉన్న పట్టీలకీ రాసి, వరసగా కుంకుమ బొట్లు కూడా పెట్టింది.

"శుక్రవారం పూటా పెట్టిన బొట్టు తుడిచేస్తున్నారేంటండి?" అంది సూర్యకళ.

"పసుపు పడితే అది గడపైపోతుందే. ఇవాళ బేరానికొచ్చే పెద్దావిడ చూసిందంటే కారెక్కదు," అన్నాడు హరిబాబు, రెండో తలుపు దగ్గరికి జరుగుతూ.

హరిబాబుది రాజమండ్రి. సొంతానికి తెల్ల ఎర్టిగా ఒకటుంది. ముహూర్తాలున్న నెలల్లో పెళ్ళిళ్ళకి తిప్పుతాడు. ఆషాఢం వస్తే ముహూర్తాలుండవు కాబట్టి ఊళ్ళో పెళ్ళికార్లన్నీ కవర్లు కప్పుకుని పడుకుంటాయి. హరిబాబు కారు మాత్రం ఆ నెలలోనే ఎక్కువ తిరుగుతుంది. స్టాండులో వాళ్ళు అతన్ని ఆషాఢం హరిబాబు అంటారు.

కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఆషాఢమంతా పుట్టింట్లో ఉండాలి. ఆ నెల అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు, అంటే అల్లుడు ఆ ఇంటికి రాకూడదు. మొగుడూ పెళ్ళాం చూసుకోవాలంటే ఇక మిగిలింది రోడ్డు. ఆ రోడ్డు మీద హరిబాబు ఉన్నాడు. పొద్దున ఇద్దర్నీ ఎక్కించుకుని, చూడదగ్గవన్నీ చూపించి, దీపాలు పెట్టే వేళకి ఎవరి దారిన వాళ్ళని దించేస్తాడు. చిక్కల్లా ఒక్కటే. కొత్తజంటని ఒంటరిగా పంపడానికి ఏ ఇంటి పెద్దలూ ఒప్పుకోరు. ఈ నియమం పెట్టిందే వాళ్ళు ఒంటరిగా ఉండకూడదని. అందుకని వెంట ఎవరో ఒకరు వస్తారు. ఆ వచ్చేది దాదాపు ఎప్పుడూ అత్తగారే.

అత్తగారు రావాలి, అల్లుడు రావాలి, ఇద్దరూ ఒకే గడప దాటకూడదు. హరిబాబు వ్యాపారమంతా ఇదే.

అందువల్ల చూడదగ్గ స్థలాలని అతను అందాన్ని బట్టో చరిత్రని బట్టో ఎంచడు. తలుపుల్ని బట్టి ఎంచుతాడు. ధవళేశ్వరం బ్యారేజీ అంటే గౌరవం; అంత పొడుగు కట్టడానికి ఎక్కడా గడప లేదు. కడియం నర్సరీలూ అంతే, ఎటు నుంచి ఎటైనా పోవచ్చు. బిక్కవోలులో చాళుక్యుల నాటి గుళ్ళు చూడాల్సినవే, కానీ గుమ్మాలు ఇరుకు; అత్తగారు లోపలుంటే అల్లుడు బయట శిల్పాలు చూసుకోవాలి. పెద్దాపురం మరిడమ్మ జాతర సరిగ్గా ఆషాఢంలోనే వస్తుంది. ఆ తోపులాటలో ఎవరు ఎవరి వెనక ఏ గుమ్మంలో పడతారో చెప్పలేక ఆ రోజుల్లో అటు కారు తిప్పడు. అతని లెక్కలో అన్నిటికన్నా గొప్పది ద్రాక్షారామం. నాలుగు దిక్కులా నాలుగు గోపురాలు. లోపల స్వామి రెండంతస్తుల ఎత్తున ఉంటాడు. కింద నిలబడీ చూడొచ్చు, మెట్లెక్కి పైనుంచీ చూడొచ్చు.

"కట్టినవాళ్ళెవరో ఆషాఢం తెలిసినవాళ్ళండి," అంటాడు హరిబాబు. వేళాకోళానికి కాదు.

ఇన్నేళ్ళలో అతని కారెక్కిన ఏ అత్తగారూ అల్లుడితో కలిసి గడప దాటలేదు. అతని పెట్టుబడి ఆ మాటే. ఒక్కావిడ ఇంటికెళ్ళి "దాటేశాం" అందంటే సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళిపోతాయి, ఆ పైన ఆషాఢంలో అతని కారూ కవరు కప్పుకోవలసిందే. అందుకే ఎవరైనా ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్ళాలని ముందు అడగడు. "మీ ఇంట్లో గడపంటే ఏదండి?" అని అడుగుతాడు. కొందరికి కొయ్యదే గడప. కొందరికి సిమెంటు మెట్టయినా గడపే. కిందటేడు ఒకావిడ లిఫ్టు కూడా గడపే అంది.

ఆ శుక్రవారం బేరం లక్ష్మీనరసమ్మ గారిది. భీమవరం రాజులు, రొయ్యల చెరువులున్నాయి, రాజమండ్రిలో ఇల్లు కట్టుకున్నారు. కూతురు నాగవల్లికి పెళ్ళయి రెండు నెలలు. అల్లుడు ప్రవీణ్‌కి విజయవాడలో ఉద్యోగం. లక్ష్మీనరసమ్మ ఫోనులోనే తేల్చి చెప్పింది.

"కొయ్యదైనా ఇనపదైనా పసుపు పడితే గడపేనయ్యా. అందులో వాదన లేదు."

తల్లీకూతుళ్ళని ఇంటి ముందు ఎక్కించుకుని, రైలు దిగి వచ్చిన ప్రవీణ్‌ని ధవళేశ్వరంలో బ్యారేజీ మీద ఎక్కించుకున్నాడు హరిబాబు. ప్రవీణ్‌ని ముందు సీట్లో కూర్చోబెట్టారు. అతను రామచంద్రపురం దాకా మెడ వెనక్కి తిప్పే ఉన్నాడు.

"అల్లుడుగారికి మెడ పట్టేస్తుందేమో, కాస్త రోడ్డు చూడమనవే," అంది లక్ష్మీనరసమ్మ కూతురితో. అల్లుడితో నేరుగా మాట్లాడే అలవాటు ఆవిడకింకా కాలేదు.

"రోడ్డు నేను చూస్తున్నానండి," అన్నాడు హరిబాబు.

ద్రాక్షారామంలో అంతా పద్ధతిగా జరిగింది. అత్తగారు తూర్పు గోపురంలోంచి వెళ్ళి పైఅంతస్తులో నిలబడింది. అల్లుడు పడమటి గోపురంలోంచి వెళ్ళి కింద నిలబడ్డాడు. నాగవల్లికి ఏ నిషేధమూ లేదు కాబట్టి మెట్లెక్కుతూ దిగుతూ స్వామిని నాలుగైదుసార్లు చూసి, ఆయాసపడుతూ వచ్చి కారులో పడింది.

అక్కణ్ణించి కాకినాడ మీదుగా ఉప్పాడ. ఉప్పాడ విషయంలో హరిబాబుకి ఎప్పుడూ బెంగ లేదు. సముద్రానికి తలుపుల్లేవు. కానీ అక్కడ సముద్రం ఏటా ఊరిని కొంచెం కొంచెం తింటోంది, ఆ తినడంలో గోడలు ముందు పోతాయి. ఈ సంగతి అతను లెక్కలోకి తీసుకోలేదు.

కారు ఆపిన చోట ఒక ఇల్లు ఉండేది. ఇప్పుడు గుమ్మం ఒక్కటే ఉంది. ఇసకలో నిటారుగా, గడపతో సహా, తలుపు లేకుండా. రెండు పక్కలా గోడ లేదు. వెనక సముద్రం.

"ఏవండీ, మీరటువైపెళ్ళి నిలబడండి. ఫ్రేములోంచి సముద్రంతో వీడియో తీస్తాను," అంది నాగవల్లి ఫోను పైకెత్తి.

ప్రవీణ్ పక్కనుంచి చుట్టి వెళ్ళి గుమ్మానికి అవతల నిలబడ్డాడు. లక్ష్మీనరసమ్మ అప్పటికే ఇంకాస్త కిందికి దిగి, పాదాలు తడుపుకుని, నీళ్ళు తలమీద చల్లుకుంటోంది. ఆషాఢపు సముద్రం, పైగా పోటు మీదుంది. పెద్ద కెరటమొకటి లేచింది.

"అమ్మా, వచ్చేసెయ్!" అని అరిచింది నాగవల్లి.

ప్రవీణ్ పరిగెత్తాడు. అతని వెనకే చీర కుచ్చెళ్ళు పట్టుకుని లక్ష్మీనరసమ్మ పరిగెత్తింది. గుమ్మానికి రెండు పక్కలా బండి తోలేటంత ఖాళీ ఉంది. అయినా ఇద్దరూ గుమ్మంలోంచే వచ్చారు. అల్లుడు గడప మీద కాలు పడకుండా అంగ వేశాడు. అత్తగారూ అలాగే అంగ వేసింది. పుట్టిన దగ్గర్నుంచీ అయిన అలవాటది.

కెరటం వెనక్కిపోయింది.

"దాటామా?" అంది లక్ష్మీనరసమ్మ.

"లేదండి," అన్నాడు హరిబాబు వెంటనే. "దాటడానికి ఇల్లేదండి అసలు? గోడ లేదు, కప్పు లేదు. కలప అడితిలో గుమ్మాలు నిలబెట్టి ఉంటాయి కదండి, అవన్నీ గడపలేనా? పైగా పసుపు కూడా లేదు, చూడండి."

లక్ష్మీనరసమ్మ వంగి చూసింది. నిజమే, పసుపు లేదు. ఆవిడ ముఖం కాస్త తేరుకుంది.

నాగవల్లి మొగుడి వైపు చూసింది. ప్రవీణ్ నాగవల్లి వైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి ఏదో తోచింది.

"దాటేశారమ్మా," అంది నాగవల్లి. "వీడియోలో పడింది. ముందు ఈయన, తర్వాత నువ్వు."

"వీడియో సంగతి కాదండి, అది గడపా కాదా అని," అన్నాడు హరిబాబు.

"అడితిలో గుమ్మాలకి ఇంటి నంబరుంటుందా హరిబాబు గారూ?" అన్నాడు ప్రవీణ్. గుమ్మం పైన తుప్పుపట్టిన నంబరు రేకు ఇంకా ఉంది.

"రేకుదేముందండి, మేకు కొడితే ఎక్కడైనా ఉంటుంది!"

ఈలోగా రోడ్డుకి అవతల టార్పాలిన్ పాక కింద కూర్చున్న ముసలమ్మ కేకేసింది. ఆవిడ పేరు వీరమ్మ.

"ఎవరమ్మా అది, నా ఇంట్లోంచి పరిగెడతన్నారు?"

హరిబాబు ఆవిడకి ఎదురెళ్ళాడు. "ఇల్లెక్కడుందమ్మా ఇక్కడ?"

"కళ్ళు కనపట్టంలేదేంటి నీకు? వంటిల్లు పోయినేడు పోయింది. పడగ్గది మొన్న పోయింది. గుమ్మం ఉంది కదా."

"దానికి పసుపేదీ మరి?"

"నేను రాత్తాను, అది కడిగేత్తది. రోజూ ఇదే పని మా ఇద్దరికీ." వీరమ్మ చెయ్యి సముద్రం వైపు ఊపింది. ఆ తర్వాత గుమ్మం అవతల ఇసకలో పెట్టిన బకెట్టు కెరటానికి దొర్లడం చూసి, దానికోసం బయల్దేరింది. పక్కనుంచి వెళ్ళలేదు. గుమ్మంలోకే వెళ్ళింది, చీర కాస్త ఎత్తి పట్టుకుని గడప దాటింది, బకెట్టు తీసుకుంది, మళ్ళీ గుమ్మంలోంచే వచ్చింది.

లక్ష్మీనరసమ్మ అదంతా చూసి ఇసకలో చతికిలబడింది.

"అయిపోయింది. దాటేశాం."

"అమ్మగారూ, ఒక్కసారి ఆలోచించండి. మీరు బయటికొచ్చారు గానీ లోపలికెళ్ళలేదు కదండి."

"బయటికొచ్చానంటే లోపలున్నట్టేగా?" అందావిడ.

ఆవిడ లేచి చీర దులుపుకుంది. పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి అల్లుడితో నేరుగా మాట్లాడింది.

"దాటకూడదనేగా కాపలా కాశాను. దాటేశాక ఇంక కాపలా దేనికండి? ఇంటికి రండి అల్లుడుగారూ. రొయ్యలున్నాయి, వేపుడు చేయిస్తాను."

"అలాగేనండి అత్తయ్యగారూ," అన్నాడు ప్రవీణ్, వీలైనంత బాధగా.

తిరుగు ప్రయాణంలో ప్రవీణ్ వెనక నాగవల్లి పక్కన కూర్చున్నాడు. లక్ష్మీనరసమ్మ ముందు కూర్చుంది.

"నీ తప్పేం లేదులే హరిబాబూ," అంది.

"అది చాలండి. ఎవరితోనూ అనకండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

"ఛ, నేనెందుకంటాను!" అంది. కాకినాడ దాటకముందే ఇద్దరు అక్కచెల్లెళ్ళకీ, ఆకివీడులో వియ్యపురాలికీ ఫోన్ చేసి చెప్పేసింది.

మర్నాడు హరిబాబుకి రావలసిన రెండు బేరాలూ పోయాయి. ఆ మర్నాడు ఫోనే మోగలేదు. సూర్యకళ కారు కవరు వెతికి దులిపి పెట్టింది.

సోమవారం మధ్యాహ్నం ఫోను మోగింది. తాడేపల్లిగూడెం నుంచి ఎవరో కుర్రాడు, గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"హరిబాబు గారేనాండి? ఉప్పాడలో ఆ గుమ్మం ఇంకా ఉందాండి?"

"ఉండే ఉంటుందండి. ఎందుకండి?"

"ఏం లేదండి. మా అత్తగారు సముద్రం చూసి చాలా రోజులైంది."

"చూడండి బాబూ, నా కారెక్కినవాళ్ళు గడప దాటడం నాకు పడదండి," అన్నాడు హరిబాబు.

"కారులో కాదు కదండి. దిగాకే కదా."

ఆలోచించి చెబుతానని పెట్టేశాడు. రెండు రోజుల్లో అలాంటివి ఇంకో రెండు వచ్చాయి. అన్నీ అల్లుళ్ళే. అందరూ గొంతు తగ్గించే మాట్లాడారు.

"దాటించడని కదండి మీకు పేరు?" అంది సూర్యకళ, అన్నం వడ్డిస్తూ.

"అవును."

"మరిప్పుడు దాటిస్తారా?"

"నేనెందుకు దాటిస్తానే? సముద్రం చూపిస్తాను. కెరటం వస్తే ఎటు పరిగెత్తాలో వాళ్ళిష్టం."

ఆ ఆషాఢంలో ఇంకా మూడు ఆదివారాలు మిగిలాయి. మూడూ ఉప్పాడకే. అత్తగార్లకి మాత్రం పట్టుచీరల కోసమని చెప్పారు.