యాదగిరి సార్ ఎర్ర పెన్ను, ఆర్‌ఎన్‌ఏ పేజీ

నిన్న పొద్దున చిక్కడపల్లిల టిఫిన్ బండి దగ్గర ఉన్న. చేతిల ఇడ్లీ ప్లేటు. సార్ వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, నాన్న పోయిన్రు."

ప్లేటు అట్లనే పెట్టేసి రోడ్డు మీదనే ఏడ్చిన.

మా యాదగిరి సార్. అశోక్ నగర్‌ల గ్రూప్స్ పిల్లలకి బయాలజీ చెప్పేటోళ్లు. ఆయన నోట్స్ అక్కడ ప్రతి జిరాక్స్ షాపుల దొరుకుతయ్.

నేను చదువుకునేటప్పుడు ఒకసారి లేచి అడిగిన.

"సార్, ఆర్‌ఎన్‌ఏ కణం బయట కూడా ఉంటదంట కదా?"

"బయట ఉంటే అది చెత్త. కూర్చో."

మూడు రోజులకి క్లాసుకి వచ్చి నా దిక్కు చూసిన్రు. "మొన్న ఈ బిడ్డని కూర్చోబెట్టిన. కూర్చోవాల్సింది నేను."

ఈ మూడు రోజులు కొత్త పుస్తకాలు తిరగేసిన్రంట. చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కణం దాటి రక్తంల తిరుగుతయట. రోగాలతోని కొట్లాడే కణాలకి కబురు మోస్తయట. కొన్ని "లేవుండ్రి, కొట్లాడుండ్రి" అంటయట. కొన్ని "జర ఆగుండ్రి" అంటయట.

కానీ సార్ నోట్స్‌ల 'ఆర్‌ఎన్‌ఏ కణం లోపలనే ఉంటది' అన్న పాత తప్పే ఉండె. ఇగ సార్ ఎర్ర పెన్ను పట్టుకొని నారాయణగూడ దాకా షాపు షాపు తిరిగిన్రు.

"సార్, ఇది ఎగ్జామ్‌ల వస్తదా?" అని ఒక షాపాయన నవ్విండు.

"రాకపోతే తప్పు ఒప్పైతదా?"

పోయినేడు సార్‌కి రోగం వచ్చింది. ఒంటిని కాపాడాల్సిన కణాలే సొంత ఊపిరితిత్తుల మీద పడ్డయ్. పోయిన నెల చూడబోతే, హాస్పిటల్‌ల మాస్క్ పక్కకి జరిపి నవ్విన్రు. "వీటికి జర ఆగుమని చెప్పేటోడు లేడు బిడ్డా."

అప్పుడే అన్నరు, "లైబ్రరీ సందుల ఒక్క షాపు మిగిలింది. నువ్వు పోయి దిద్దు."

"రేపే పోత సార్" అన్న.

నెల అయింది. పోలే. ఆఫీసు అన్న, ట్రాఫిక్ అన్న. అంతా బద్ధకం. సిగ్గైతుంది రాస్తుంటే.

నిన్న సాయంత్రం సార్‌ని సాగనంపినం. ఇయ్యాల షాపు తెరిచే టైముకి పోయి నిలబడ్డ.

అదే నోట్స్. అదే పేజీ. అదే తప్పు.

అప్పుడే ఒక పిల్ల ఒక కాపీ కొన్నది. ఆమె చేతిల నుంచి తీసుకొని ఎర్ర పెన్నుతోని కొట్టేసి రాసిన. ఆ పిల్ల లొల్లి పెట్టింది.

"అక్కా, ఏంది, నా బుక్కుల రాస్తున్నవ్? అది తప్పని ఎవరు చెప్పిన్రు?"

"ఆ నోట్స్ రాసిన సారే."

తర్వాత షాపాయన దగ్గరున్న ఒరిజినల్ కూడా దిద్దిన.

సార్, ఆ షాపు కూడా అయిపోయింది. లేట్ చేసిన, మాఫ్ చేయండ్రి.

మీ ఒంట్ల కొట్లాట ఆగింది. ఇగ నిమ్మళంగ పండుకోండ్రి.