ఫోస్కో బాబాయి రాజనీతి

ఫోస్కో బాబాయికి ఉన్న జబ్బు ఒకటే. ఏ మాట మొదలెట్టినా, ఐదొందల ఏళ్ల కిందట ఫ్లోరెన్స్‌లో రాజులకు నీతులు రాసిపెట్టిన ఒక పాత గుమాస్తా దగ్గర తేలేవాడు. పార్టీ ఆఫీసులో కుళాయి కారుతోందన్నా అక్కడికే వెళ్లేవాడు. నలభై ఏళ్లు గాజు బట్టీలో సీసాలు ఊదిన ఊపిరితిత్తులు ఆయనవి. గాలి పీల్చుకోకుండా పావుగంట మాట్లాడగలడు. మధ్యలో దూరడానికి ఎవరికీ సందు దొరికేది కాదు.

ఆ సందు కోసం ఆరేళ్లుగా కాచుకుని కూర్చున్న మనిషి లొరియానా. ఆర్నో నది ఒడ్డున ఆ చిన్న పట్నంలో కమ్యూనిస్టు శాఖకు ఆమె కార్యదర్శి. పగలంతా రెయిన్‌కోట్ల ఫ్యాక్టరీలో నిలబడి ఇస్త్రీ చేసి, సాయంత్రం మీటింగులో కూర్చునేసరికి కళ్లు వాటంతటవే మూతలు పడేవి.

"బాబాయ్, కుళాయికి వాషరు వేయించాలా, వద్దా? అదొక్కటి చెప్పు."

"చెబుతున్నా కదమ్మాయ్. ఆ గుమాస్తా రాసింది రాజు కోసం. మన పార్టీ పెద్దాయన జైల్లో కూర్చుని అదే చదివి ఏమన్నాడు? ఈ కాలానికి రాజంటే మనిషి కాదు, పార్టీయే అన్నాడు. ఉత్త భయంతో గద్దె నిలవదు, జనం మనసారా ఒప్పుకోవాలి. కుళాయి కారుతుంటే ఒప్పుకుంటారా?"

"వేయించాలన్న మాట," అని లొరియానా రాసుకునేది.

ఇంకోసారి, రాజనేవాడు సగం మనిషిగా, సగం మృగంగా ఉండాలని ఆయన వివరిస్తుంటే, వెనక బెంచీ నుంచి జెలిందా అడిగింది.

"అందులో అంట్లు తోమేది ఏ సగం, ఫోస్కో?"

డెబ్భై నాలుగేళ్ల జెలిందా, ఏటా వేసవిలో పార్టీ జరిపే పండగలో వంటింటికి మహారాణి. హాలంతా విరగబడి నవ్వింది. ఫోస్కో నవ్వులు ఆగేదాకా ఉండి, ఆపిన వాక్యం నుంచే మళ్లీ అందుకున్నాడు.

ఊళ్లో లొరియానా అంటే అందరికీ ప్రాణం. ఫోస్కో ఎదురైతే మాత్రం సగం మంది మొహం తిప్పుకునేవాళ్లు. అకార్డియన్ వాయించే గ్వెర్రీనోకి, "నీ వేళ్లు పట్టు తప్పాయి, ఇక వాయించకు" అని నడిరోడ్డు మీదే చెప్పేశాడట. నోటి దురుసు, ఈ వయసులో ఏం పోతుందిలే అని లొరియానా సరిపెట్టుకుంది.

ఆ ఏడు వేసవికి జెలిందా కళ్లు మసకబారాయి. చారులో రెండుసార్లు ఉప్పు పోసింది. మరుగుతున్న గిన్నెను బల్ల మీద పెట్టబోయి, బల్ల లేనిచోట వదిలి కాలు కాల్చుకుంది. ఇక వంటింట్లోకి రావద్దని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఎవరో ఒకరు కార్యదర్శే. లొరియానా రేపు, ఎల్లుండి అంటూ మూడు వారాలు నెట్టింది. ఆ దిగుల్లో ఫ్యాక్టరీలో రెండు రెయిన్‌కోట్లు మాడ్చింది. చివరికి ఒక శనివారం పొద్దున్నే, కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది.

జెలిందా గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

"రా తల్లీ. నాకంతా తెలుసు. ఆ ఫోస్కోగాడు గురువారమే వచ్చాడు. నీ చారు సముద్రంలా ఉంటోంది, దిగిపో అన్నాడు. గరిటె విసిరాను. తగల్లేదు. కళ్లు కనపడవు కదా."

లొరియానా ఆమె పక్కనే గడప మీద కూర్చుంది.

"నువ్వు మాత్రం మీటింగులో నా కోసం పోట్లాడావటగా. జెలిందా రుచి చూడందే ఏ గిన్నే దించకూడదని పట్టుబట్టావట. 'ఆ పిల్ల నా మాట నెగ్గనివ్వలేదు' అని వాడే ఏడ్చాడు."

అలాంటి మీటింగే జరగలేదు. లొరియానా ఒక చిక్కుడుకాయ తీసుకుని ఒలిచింది. "అవును. నెగ్గనివ్వలేదు," అంది.

దారిలో ఆమెకు గ్వెర్రీనో గుర్తొచ్చాడు. బ్యాండు పిల్లలకు తనను గురువుగా పెట్టించినందుకు ఆయన అప్పట్లో లొరియానా చేతులు పట్టుకుని దండాలు పెట్టాడు. ఆ సంగతీ ఆమెకు తెలియదు. వయసు మీద పడి ఏదో పొరపాటు పడ్డాడని అప్పుడు అనుకుంది.

పార్టీ ఆఫీసు కింద కాఫీ హోటల్లో ఫోస్కో ఒక్కడే పేకముక్కలు ముందేసుకుని కూర్చున్నాడు.

"నేనెప్పుడు పోట్లాడాను, బాబాయ్?"

"చేదు పనులు రాజు తన చేత్తో చెయ్యకూడదమ్మాయ్. ఇంకొకడి చేత చేయించాలి. వరాలు మాత్రం తనే ఇవ్వాలి. ఆ గుమాస్తా ఏమన్నాడంటే..."

"నేను చేయించలేదుగా."

"పగలంతా నిలబడి వస్తావు. చేయించడానికి నీకు ఓపికేది?"

"ఇంకా ఎంతమందికి చెప్పావు ఇలా?"

ఆయన ముక్కలు కలుపుతూ ఉండిపోయాడు. ఆరేళ్లలో మొదటిసారి సందు దొరికింది. లొరియానాకు అందులో దూరాలనిపించలేదు. చుట్టూ చూసింది. మిగతా బల్లలన్నీ నిండుగా ఉన్నాయి. ఈ బల్ల చుట్టూ మూడు కుర్చీలు ఖాళీ.

ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. చెప్పులు విడిచి కాళ్లు ఇంకో కుర్చీ మీద చాపింది.

"ముక్కలు పంచు."

ఫోస్కో కంగారుగా గొంతు తగ్గించాడు. "నలుగురూ చూస్తున్నారమ్మాయ్. జనానికి గిట్టనివాడి పక్కన రాజు కూర్చుంటే..."

"రాజుకి కాళ్లు లాగుతున్నాయి. పంచు."