ఊదొత్తుల చాటున కిరసనాయిలు

గుంటూరు ఆస్పత్రిలో అక్కకు కాన్పులో రక్తం పోతోందని, నా రక్తం కావాలని కబురు తెచ్చింది పక్కింటి కోటేశ్వరమ్మ పిన్నిగారు. ఉదయాన్నే పర్చూరులో పాత టాక్సీ ఎక్కాను. డ్రైవరు దేవుడి పటానికి గుప్పెడు ఊదొత్తులు వెలిగించాడు. ఎంత భక్తో అనుకుని చేతులు జోడించాను.

ఊరు దాటగానే కారు దగ్గి దగ్గి మిరపచేల పక్కన ఆగిపోయింది.

"చలికి అంతేనండీ, వేడెక్కితే గుర్రమే," అన్నాడు డ్రైవరు.

పక్క చేలో నీళ్లు పెట్టబోతున్న రైతుకు నా అవసరం చెప్పుకున్నాను. ఆయన వచ్చి, పెట్రోలు గొట్టం ఊడదీసి, వేలు తడిపి వాసన చూశాడు.

"ఏరా, దేవుడికి ఊదొత్తులూ, బండికి కిరసనాయిలా?"

"కాస్తే కలిపానండీ."

"మా ఆయిలింజనే పెట్రోలుతో మొదలెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకి మారుస్తాం. చల్లటి ఇంజన్లో అది మండుద్దా?"

ఆ కంపు దాచడానికేనా ఊదొత్తులు! డ్రైవరు సిగ్గుపడకుండా ఇంకో రెండు వెలిగించాడు. అతనికంటే, అతన్ని మెచ్చుకున్న నా మీదే ఎక్కువ రోత పుట్టింది.

రైతు తన ఇంజను కోసం తెచ్చుకున్న సీసాడు పెట్రోలూ కార్బురేటర్లో కొంచెం కొంచెంగా పోస్తూ, కారు వేడెక్కేదాకా నిలబడ్డాడు.

"మరి మీ చేను, బాబాయిగారూ?"

"మిరప రేపటిదాకా ఆగుద్దమ్మా. మీరెళ్లండి."

వేళకి చేరి రక్తమిచ్చాను, అక్క బతికింది. ఆయన పేరడగలేదు. గుళ్లో అర్చనకు "మిరపచేను రైతు" అనే చెబుతాను. మీరూ ఆయన్నొకసారి తలుచుకోండి.