ముప్పై రెండు కోర్ల మర్యాద

పదకొండేళ్లుగా ఒదాల్మీస్ వెర్దేసియా రాసిన చదరంగపు ఎత్తుల విశ్లేషణలన్నీ మగపిల్లల జట్టుకే వెళ్లాయి. అడుగున సంతకం మాత్రం క్లబ్బు కార్యదర్శి లియోవిహిల్దోది. ఆమె శిక్షణ ఇచ్చే ఆడపిల్లల జట్టుకు దక్కేది మగపిల్లలు వాడి వదిలేసిన కంప్యూటరే. అదీ పీకేస్తారేమోనని ఆమె నోరెత్తలేదు.

అలాంటిది ఈ మార్చిలో కార్యదర్శి స్వయంగా కాఫీ వడకట్టి ఇచ్చి, "నీ పిల్లలకు పెద్ద ప్రాసెసర్ తెప్పించాను, ఒదాల్మీస్. చూసి రసీదు మీద సంతకం పెట్టు" అనేసరికి ఆమెకు సంతోషం కన్నా ముందు అనుమానం కలిగింది. క్యూబా జాతీయ పోటీలకు ఆరు వారాలే ఉంది. ఇప్పుడు పనికిరానిది ఒప్పుకుంటే మార్చుకునే వ్యవధి ఉండదు.

బల్లమీద రెండు కంప్యూటర్ పెట్టెలున్నాయి. ప్రాసెసర్‌లో ఒకేసారి లెక్కలు చేసే భాగాలే కోర్లు. ఎనిమిది కోర్లది మగపిల్లలకట. ముప్పై రెండు కోర్లది ఆడపిల్లలకట.

"పెద్దది మాకెందుకిస్తున్నారు?"

"ఇవ్వకపోతే ఏడుస్తావు, ఇస్తే ఆరా తీస్తావు. నిన్ను కట్టుకున్నవాడు పుణ్యాత్ముడు!"

"ఆ పుణ్యాత్ముడు పారిపోయి తొమ్మిదేళ్లయింది లెండి. ముందు నడిపించండి."

పెట్టెలు బిగించిన ఎర్మేలియో మీట నొక్కాడు. ముప్పై రెండు కోర్ల పెట్టె తెరమీద చదరంగం ఇంజన్, అంటే ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాం, మొదలై అంకెలు గిర్రున తిరిగాయి.

"చూశావా అక్కా, క్షణానికి ఎన్ని ఎత్తులు లెక్కేస్తోందో!"

"ఏ సంవత్సరం ఇంజన్ నాయనా ఇది?"

"ఇంజన్ అంటే ఇంజనే కదక్కా."

ఆమె సంచిలోంచి పెన్ డ్రైవ్ తీసింది. "ఇది పోయిన నెలది. దీన్ని నడుపు."

ఎర్మేలియో కాస్త తటపటాయించి నొక్కాడు. తెర మీద కిటికీ తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది. మళ్లీ నొక్కినా అంతే.

"కరెంటు సరిగా లేదు" అన్నాడు కార్యదర్శి.

"పక్కదానికీ అదే కరెంటు కదా!" ఆమె ఎనిమిది కోర్ల పెట్టెకు పెన్ డ్రైవ్ పెట్టింది. ఇంజన్ ఠక్కున మొదలైంది.

ఇప్పటి ఇంజన్‌కు చిప్ అర్థం చేసుకోవలసిన ఆదేశాలు కొన్ని ఉంటాయి. ఎక్కడో సర్వర్‌లో పదమూడేళ్లు అరిగిన ఆ ముప్పై రెండు కోర్ల పెట్టెలోని చిప్‌లకు అవి రావు. పాత చిప్‌ల కోసం వేరే రకం ఇంజన్ దొరుకుతుంది గానీ, దాని నడక నత్తనడక. కోర్లు ఎన్నున్నా ఆ లోటు పూడదు.

"ఆరేళ్ల కిందటి ఇంజనే పెట్టి చూపించమన్నారక్కా" అని ఎర్మేలియో కార్యదర్శి వైపు చూసి నాలుక కరుచుకున్నాడు.

"సంతకం పెట్టు, రచ్చ ఎందుకు?" అన్నాడు కార్యదర్శి.

"పెట్టను." రసీదు మీద ఆమె ఇలా రాసింది: కొత్త ఇంజన్ దీనిమీద నడవలేదు. మా జట్టుకు ఎనిమిది కోర్లది ఇవ్వండి.

అప్పటినుంచి ఆమెకు అన్నిటిమీదా అనుమానాలేనని ఊరంతా చెప్పుకుంటున్నారు. గురువారం క్లబ్బు సమావేశంలో ఏ పెట్టె ఎవరికో తేలుస్తారు. ఊళ్లో ఉన్నవాళ్లు దయచేసి రండి. రెండు పెట్టెల మీదా ఆమె తెచ్చిన ఇంజనే నడిపించమని అందరి ముందూ అడగండి. దూరాన ఉన్నవాళ్లు మీ ఊరి క్లబ్బుకు వెళ్లి, ఆడపిల్లలు కూర్చునే కంప్యూటర్‌ను ఒక్కసారి నడిపించి చూడండి.