ఉత్తమ కస్టమర్‌కు శాలువా

కొత్తగా కంపెనీ పెట్టాలని ఉబలాటపడుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, జర ఆగండి. పెట్టుబడుల గురించీ లైసెన్సుల గురించీ చెప్పేవాళ్లు మీకు బోలెడుమంది దొరుకుతారు. ఒక పెద్దమనిషికి శాలువా కప్పుదామని పోయి, అదే శాలువాలో మొహం దాచుకునే గతి ఎట్లా పడుతుందో మాత్రం నేనే చెప్పాలి.

మాది నల్లగొండ వైపు. జొన్నరొట్టె తిని పెరిగిన ప్రాణం. నా భార్య సుధ వాళ్లది భీమవరం వైపు. వాళ్లింట్లో అన్నం తినని పూట భోజనం చేసినట్టే కాదు. నేను ఉద్యోగం మానేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న దుకాణం కిరాయికి తీసుకుని, ఇళ్లకు జొన్నరొట్టెలు పంపే కంపెనీ పెడతానంటే, వనస్థలిపురంలో ఉండే మా మామగారు కాసేపు ఫ్యాను వైపు చూశారు.

"నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం మానేసి, రొట్టెలా బాబూ?" అన్నారు.

ఆ ఒక్క మాట నాకు ముల్లులా దిగింది. ఎట్లాగైనా ఆయన నోట 'భేష్' అనిపించుకోవాలి. మా కంపెనీ అసలు లక్ష్యం అదే, రొట్టెలు వట్టి సాకు.

మార్కెట్ సర్వే చేయలేదనుకునేరు. చేశాను, మా చెల్లెలి సీమంతంలో. బంతిలో కూర్చున్న ప్రతి ఒక్కరినీ అడిగాను. "నువ్వు పంపితే కొనకుంటమా బిడ్డా" అన్నారు అందరూ. నోట్లో గారె ఉన్న మనిషి ఇంకేమంటాడు? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వాళ్లెవరూ వ్యాపారం చేసి ఉండరు. చేస్తే, ఇంట గెలవడమంత మోసం ఇంకోటి లేదని తెలిసేది.

వారం తిరిగేసరికి బంధువులందరికీ ఒక్కసారే అన్నం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మిగిలింది ఒక్కరే, మూసారాంబాగ్‌లో ఉండే మూర్తిగారు. రిటైరైన లెక్కల మాస్టారు. రోజూ ఇరవై రొట్టెలు. ఒక్క ఫిర్యాదు లేదు.

"ఎట్లున్నయి సార్?" అని ఫోన్ చేస్తే, "అమోఘమండీ, అమోఘం" అనేవారు.

ఒక్క ఇంట్లోనే ఇరవై పోతుంటే ఊరంతా ఎన్ని పోవాలి? ఆలు లేదు చూలు లేదు, బ్రాంచి పేరు పెద్ద అంబర్‌పేట్. అక్కడ పెద్ద షెడ్డూ, రొట్టెలు చేసే మిషన్లూ మాట్లాడేశాను. మర్నాడే అగ్రిమెంటు. మేం దాచుకున్నదంతా అందులోకే పోతుంది.

"ఒక్క కస్టమర్‌ని చూసి షెడ్డు తీసుకుంటావా?" అంది సుధ.

"కస్టమర్ అంటే మూర్తిగారే. అసలు ఆయనకు సన్మానం చెయ్యాలె. ఆ ఫోటో పెద్దగ చేయించి షెడ్డుల పెడదాం."

"వెళ్లేముందు ఫోన్ చెయ్యి."

"చెప్పి పోతే సర్‌ప్రైజ్ ఎట్లైతది?"

తెలుగువాడికి సంతోషం పట్టలేకపోతే గుర్తొచ్చేది సన్మానమే కదా. శాలువా, దండ కవర్లో వేసుకుని, 'మా ఉత్తమ కస్టమర్' అని రాయించిన ఫ్లెక్సీ చంకన పెట్టుకుని బయల్దేరాను. మూర్తిగారు చెంప మీద చెయ్యి పెట్టుకుని తలుపు తీశారు.

"రొట్టెల కంపెనీ నుంచి ఒచ్చిన సార్."

"అప్పుడే తెచ్చేశావా?" అంటూ నా చేతిలో కవరును దిగులుగా చూశారు. రొట్టెలు తెచ్చే మనిషిననుకున్నారు. లోపలికోసారి తొంగిచూసి గొంతు తగ్గించారు. "బాబూ, నువ్వు అక్కడ పనిచేసేవాడివి, నీకు తెలుస్తుంది. మీ కంపెనీ ఎప్పుడు మూసేస్తున్నారు?"

"మూసుడెందుకు సార్?"

"మీ ఓనరు మా స్నేహితుడి అల్లుడట. పిల్లాడు డీలా పడతాడని ఈయన రోజూ నా పేరున తెప్పిస్తాడు. పేకాటకి కూర్చున్న పాపానికి మేమంతా పంచుకుని నమలాలి. చల్లారాక అది రొట్టె కాదు నాయనా, చెప్పు అట్ట. దవడలు పోతున్నాయి."

"మరి ఫోన్ల అమోఘమన్నరు?"

"ఎదురుగా ఆయన కూర్చుని ఉంటే ఇంకేమంటాను?"

"ఎవరండీ మూర్తిగారూ?" అంటూ లోపలి నుంచి మా మామగారు వచ్చారు. చేతిలో మజ్జిగ గ్లాసు, గ్లాసులో నానుతున్న రొట్టెముక్క, నోట్లో పైవరస ఖాళీ. నన్ను చూసి గ్లాసు వీపు వెనక దాచుకున్నారు. మూర్తిగారికి విషయం అర్థమై, ఎవరూ అడగకుండానే కాఫీ పెట్టడానికి వంటింట్లోకి జారుకున్నారు.

"మామయ్యా, మీ పళ్లు..."

"కట్టుడు పళ్ల పైసెట్టు మొన్న విరిగింది బాబూ. మీ అత్తయ్యతో అనకండి, చేగోడీ కొరికానని చెప్పాను."

"రేపు పెద్ద అంబర్‌పేట్ల షెడ్డు తీసుకుంటున్న మామయ్యా. గీ ఆర్డర్ చూసే."

ఆయన మొహం పాలిపోయింది. కుర్చీలో కూలబడ్డారు. "అయ్యో, నా చేత్తో నేనే మిమ్మల్ని ముంచేసేవాణ్ణే. ఆవేళ 'రొట్టెలా' అన్నప్పుడు మీ మొహం చూశాను బాబూ. అనకుండా ఉండాల్సింది అనుకున్నాను. మీరు నిలదొక్కుకునేదాకా పట్టుకుందామనిపించింది, అంతే."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. భేష్ అనిపించుకోవాలని ఎవరి వెంట పడ్డానో, ఆ మనిషి రోజూ చిగుళ్లతో భేష్ అంటూనే ఉన్నాడు. శాలువా తీసి ఆయనకే కప్పి, ఆ భుజం మీదే కాసేపు మొహం దాచుకున్నాను.

షెడ్డు మానేశాను. ఇళ్లకు పంపడమూ మానేశాను. ఇప్పుడు ఎల్బీనగర్‌లో రోడ్డు పక్కన చిన్న బండి, పెనం మీది రొట్టె నేరుగా ప్లేటులోకి. ముక్కూమొహం తెలియనివాళ్లు తింటారు. బాగుంటే మళ్లీ వస్తారు, లేకపోతే మొహం మీదే తిడతారు. ప్రాణానికి హాయిగా ఉంది.

కాబట్టి వెలుగుతున్న పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నన్ను ప్రేమించేవాళ్లను ఇక ఈ జన్మలో కస్టమర్ల లెక్కలో వెయ్యను. మామయ్యకు కూడా ఖరాఖండిగా చెప్పాను, "బాగలేకుంటే బాగలేదనాలె, లేకుంటే బండి కాడికి రావద్దు" అని. ఆయన బుద్ధిగా తలూపారు. నిన్న వచ్చి, వేడి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, మొహం వీలైనంత చేదుగా పెట్టి, "ఏం బాలేదు బాబూ" అన్నారు. "ఇంకోటి వెయ్యండి."